మర్యాద నడుము దాకానే

గోదావరి జిల్లాల వాళ్ళకి మర్యాద ఎక్కువ. ఈ మాట మాకు మేం చెప్పుకోవడం చాలక, సినిమాల్లో పక్క జిల్లాల వాళ్ళ చేత కూడా చెప్పించుకుంటాం. ఇంటికొచ్చినవాణ్ణి తిండితో చంపేస్తాం. ‘ఆయ్’ లేకుండా అవుననలేం. ‘అండి’ తగిలించకుండా గేదెను కూడా అదిలించలేం. వియ్యంకుడికి పనసపొట్టు కూర, అల్లుడికి ఆత్రేయపురం పూతరేకులు, కలెక్టరుగారికి శాలువా, ఎమ్మెల్యేగారికి గజమాల. బాగానే ఉంది. కానీ ఈ మర్యాదలన్నీ ఒంటి మీద ఎక్కడెక్కడ పడతాయో ఒకసారి చూడండి. శాలువా భుజాల మీదికి, దండ మెడలోకి, బొట్టు నుదుటికి, పన్నీరు తల మీదికి, పూతరేకు నోట్లోకి. ఒక్కటంటే ఒక్కటి నడుము దిగదు.

అల్లుడి కాళ్ళు కడుగుతాం కదా, స్వాములవారికి పాదపూజ చేస్తాం కదా అంటారేమో. నిజమే. నడుము దగ్గర మునిగిన మర్యాద మళ్ళీ పాదాల దగ్గర తేలుతుంది. మధ్యలో ఓ జానెడు మేర మిగిలిపోయింది. దానికి పదిమందిలో పలకదగ్గ పేరు లేదు, దాత లేడు, అడిగే నాథుడు లేడు. మంచాన పడ్డ ముసలివాళ్ళ దగ్గరికి చావు తరచు ఆ దారినే వస్తుంది.

కాబట్టి ఇది ఆ జానెడు మేర గురించి. లేవలేని మనిషికి రోజుకోసారీ, పక్కలో అయిపోయిన ప్రతిసారీ, కాళ్ళ సందు కడిగి, తుడిచి, ఆరబెట్టడం గురించి. చదువుతుంటే రోతగా ఉన్నవాళ్ళు పక్క పేజీలో రాశిఫలాలు చూసుకోవచ్చు. ఏ రాశివారైనా చివరికి ఈ పేజీకి రాక తప్పదు.

అమలాపురం నుంచి రాజోలు దాకా, ఇటు కొత్తపేట దాకా, కొబ్బరితోటల మధ్య ఇప్పుడు వృద్ధాశ్రమాల బోర్డులు కనిపిస్తున్నాయి. కొన్ని చర్చివాళ్ళవి, కొన్ని ట్రస్టులవి, కొన్ని నెలకింతని తీసుకునేవి. నడిపేవాళ్ళలో మంచివాళ్ళున్నారు. వాళ్ళు కూడా లేకపోతే చాలామంది ఎవరి అరుగు మీదో పోయేవారు. అలాంటి ఒకచోట, పేరు అనవసరం, ఓ దాతగారి మనవడి పుట్టినరోజు. నాలుగు మంచిమాటలు చెప్పమని నన్నూ పిలిచారు. బయట కారు చప్పుడు వినబడగానే ఆయా పరుగున వచ్చింది. మూలమంచం మామ్మగారి మూత్రం సంచిని నేల మీంచి ఎత్తి, మంచమ్మీద ఆవిడ పొట్ట పక్కన పెట్టి, దుప్పటి కప్పేసింది. ‘పెద్దోళ్ళొత్తున్నారు కదండీ, కనపడితే బాగోదండి’ అంది.

ఆ తర్వాత అరటిపళ్ళ పంపకం, ఫొటోలు, దాతగారి ప్రసంగం, దాతగారి బావమరిది ప్రసంగం, వందన సమర్పణ. ఇక్కడ కొంచెం ప్లంబింగు తెలుసుకోవాలి. మూత్రం సంచి ఎప్పుడూ మూత్రాశయానికి కిందుగా ఉండాలి. నేలకి తగలకూడదు. మంచం పట్టీకి కొక్కెం తగిలించి వేలాడదీయాలి. పైకెత్తితే, సంచిలో గంటలకొద్దీ నిలవున్న సరుకు పైపులోంచి వెనక్కి నడుస్తుంది. అంటే వేదిక మీదివాళ్ళు మానవసేవే మాధవసేవ అని గొంతు చించుకుంటున్నంతసేపూ, దుప్పటి కింద మామ్మగారి మూత్రం వచ్చిన దారినే తిరిగి వెళుతోంది. సంచి నేల మీద ఉన్నప్పుడు దానికంటింది మురికి. దుప్పట్లో ఉన్నప్పుడు అంటింది మన మర్యాద. ఆ తర్వాత జ్వరం వస్తే, అది ఈ రెంటిలో దేనివల్ల వచ్చిందో తేల్చడానికి ల్యాబు పరీక్ష లేదు.

అసలు ఆ పైపు ఎందుకు వేశారని అడిగితే ‘పక్క తడపకుండానండి’ అన్నారు. మూత్రం బిగబట్టేసి కడుపు ఉబ్బిపోయినవాళ్ళకీ, నడుం కింద పెద్దపుండు పడి తడి తగలకూడనివాళ్ళకీ, ఆపరేషనైన కొత్తల్లోనూ వేసే పైపు అది. దుప్పట్లు ఉతికే శ్రమ తప్పించడానికి కనిపెట్టలేదు. పైపు లోపలున్న ప్రతిరోజూ నూటికి మూడు నుంచి ఏడు పాళ్ళ చొప్పున మూత్రంలో సూక్ష్మజీవులు చేరతాయనీ, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరిపోతాయనీ వైద్యశాస్త్రం ఎప్పుడో లెక్కగట్టింది. పైపు వేయడానికి ఎవరో ఒకరు వస్తారు. తీయించాల్సిన తేదీ మాత్రం ఏ గోడ క్యాలెండరు మీదా రాసి ఉండదు. ఏకాదశి రాసి ఉంటుంది.

ఇక కడగడం సంగతి. నిజానికి ఇది కోనసీమ రైతుకి డాక్టరు వచ్చి చెప్పక్కర్లేదు. పంటకాలువ వేరు, మురుగుకాలువ వేరు. నీళ్ళు పంటకాలువలోంచి చేలోకి, చేలోంచి మురుగులోకి దిగాలి గానీ, మురుగు ఎగదన్ని చేలో పడిందంటే ఆ ఏడు గింజ లేనట్టే. 2011లో ఇక్కడి రైతులు సార్వాకి సెలవిచ్చేసి దేశమంతా మారుమోగించిన కారణాల్లో మురుగు దిగకపోవడం కూడా ఒకటి. కాలువ గట్టున నిలబడి ఎటు నించి ఎటు పారాలో లాకు సూపర్‌వైజరుతో తగువేసుకునే ఆ రైతే, ఇంట్లో తల్లి మంచాన పడితే ఎటు నించి ఎటు తుడవాలో ఒక్కసారి అడగడు. అడగడానికి సిగ్గు.

ఆడమనిషికి మూత్రం వచ్చే నాళం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు. దానికి వెనక కొద్ది దూరంలోనే మలద్వారం. పేగుల్లో ఈ.కొలై అనే సూక్ష్మజీవి కాపురముంటుంది. ఉన్నచోట ఉన్నంతవరకూ పెద్దమనిషే. కాస్త ముందుకి జరిగి ఆ నాళంలోకి ఎక్కిందంటే మాత్రం ఊరు మీద పడ్డ దొంగ. ముట్లుడిగిన తర్వాత అక్కడి పొర పలచబడుతుంది, కాపలా కాసే మంచి సూక్ష్మజీవులు తగ్గిపోతాయి, కాబట్టి దొంగకి తలుపు తీసినట్టే. అందుకే తుడుపు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. ఒకసారి తుడిచిన మడతతో రెండోసారి తుడవకూడదు. చిన్నప్పుడు ఆడపిల్లలకి తల్లులు నేర్పే పాఠమే. ఎనభయ్యో ఏట ఆ పాఠం వేరే చేతుల్లోకి పోతుంది, ఆ చేతులకి ఎవరూ నేర్పలేదు.

ఎలా జరుగుతోందో చూద్దాం. పది పన్నెండు మంచాలకి ఒక ఆయా. ఒక బకెట్టు, ఒక మగ్గు, పాతచీర చింపిన ఒక గుడ్డ, ఒక బట్టలసబ్బు ముక్క. తెర ఉండదు. పక్కమంచాల వాళ్ళు గోడవైపు తిరిగి పడుకోవడమే తెర. దుప్పటి లాగి, కాళ్ళు ఎత్తి, వెనక నుంచి ముందుకి ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ అదే బకెట్లో జాడిస్తుంది. ఇంకో లాగు. ఆరబెట్టడం ఉండదు. తడి మీదే పౌడరు గుప్పిస్తుంది. అది తొడల మడతల్లో ముద్దకట్టి, ఉక్కపోతకి ఒరుసుకుపోయి, ఎర్రగా పొక్కి, పైన తెల్లటి బూజులా ఫంగస్ పడుతుంది. కడిగినట్టు గుర్తుగా గది అంతా పౌడరు వాసన వేస్తుంది. సబ్బు ఘాటు చర్మం పైపొరని తినేస్తుంది. చర్మానికి సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది, సబ్బుది క్షారం. ఆపైన బకెట్టు, మగ్గు, గుడ్డ, ఆయా, నలుగురూ పక్కమంచం దగ్గరికి వెళతారు. ఒక మామ్మగారి ఆస్తి ఇంకో మామ్మగారికి రిజిస్ట్రేషను ఖర్చు లేకుండా బదిలీ అయిపోతుంది.

ఆ ఆయాని తిట్టకండి. జీతమిచ్చే పెద్దమనుషులకి ఆవిడ వంటింటికి ఎన్ని గిద్దల నూనె వాడుతోందో తెలుసు, ఈ గదిలో ఎన్ని గుడ్డలు కావాలో తెలీదు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందంటే, ముందు మాట. ‘మామ్మగారూ, కడుగుతానండి, కాస్త ఇటు తిరుగుతారా’ అని. గోదావరి జిల్లాలో ‘అండి’కి అసలైన ఉపయోగం ఇదే. తెరో, తలుపో వేయాలి. చేతులు కడుక్కుని గ్లౌజులు తొడగాలి. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డలు నాలుగైదు, ఒంటికి పడే తేలికపాటి సబ్బు. నడుము కింద తువ్వాలు. ముందు భాగం మొదట, పైనించి కిందికి, ప్రతి తుడుపుకీ కొత్త మడత. తొడల సందులు. తర్వాత పక్కకి ఒత్తిగిలించి వెనక భాగం, వేరే గుడ్డతో. మలం అంటితే నీళ్ళు మార్చాలి. తర్వాత పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. చర్మం ఎర్రబడితే జింకు ఉన్న క్రీము పలచగా. ఒత్తిగిలించారు కాబట్టి నడుము కింది త్రికం ఎముక దగ్గరా, మడమల దగ్గరా ఎర్రమచ్చ ఉందేమో అప్పుడే చూసేయాలి. పడకపుండు మొదలయ్యేది అక్కడే. తాతగార్లకైతే ముందుచర్మం నెమ్మదిగా వెనక్కి తీసి కడిగి, తిరిగి యథాస్థానానికి తేవాలి. తేవడం మరిచిపోతే అక్కడే బిగుసుకుని వాచిపోయి, అర్ధరాత్రి ఆటో వెతుక్కోవాలి. పైపు ఉన్నవాళ్ళకి ఒంటి దగ్గర పైపుని పట్టుకుని, అక్కడినించి బయటికి తుడవాలి. లాగకూడదు. సంచి ఖాళీ చేసే గిన్నె ఒకరిది ఇంకొకరికి వాడకూడదు. గ్లౌజులు తీసి పారేసి, చేతులు కడుక్కుని, అప్పుడు పక్కమంచం. మొత్తం కలిపి ఒక సన్మానసభలో అధ్యక్షుడి తొలిపలుకులకి పట్టే సమయం కూడా పట్టదు.

గ్లౌజులు ఉన్నచోట ఇంకో తమాషా. పొద్దున్న తొడిగిన జత సాయంత్రం దాకా అదే. అవి ఆయా చేతుల్ని కాపాడతాయి, మంచాలన్నిటినీ చుట్టరికం కలుపుతాయి. చేతులు కడుక్కుంటే బాలింతలు చావరని 1847లో వియన్నా ఆసుపత్రిలో చూపించిన సెమ్మెల్వైస్ అనే డాక్టరుని తోటి డాక్టర్లు నమ్మలేదు, చివరికి ఆయన పిచ్చాసుపత్రిలో పోయాడు. మనం అంత కఠినులం కాం. ‘మరేనండి, కడుక్కోవాలండి’ అంటాం. కడుక్కోం.

మంచాల మీదివాళ్ళకి వాళ్ళ తెలివి వాళ్ళకుంది. మాటిమాటికీ ఆయాని పిలిస్తే విసుక్కుంటుందని నీళ్ళు తాగడం మానేస్తారు. సాయంత్రం ఐదు దాటితే గుక్కెడు కూడా ముట్టరు. కొన్నిచోట్ల చూసేవాళ్ళే పొదుపుగా పోస్తారు, డైపరు కలిసొస్తుందని. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, నాలుగు దిక్కులా నీళ్ళే ఉన్న సీమలో, మనిషి గ్లాసెడు మంచినీళ్ళకి జడుసుకుని బతకడం చూడాలంటే ఇక్కడికే రావాలి. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, సూక్ష్మజీవులు కొట్టుకుపోయే మార్గం లేక లోపలే బిడారు దించుతాయి. డైపరు పొదుపు చేసిన డబ్బు ఇంజెక్షన్లకి సరిపోతుంది. మన పొదుపు ఎప్పుడూ లెక్కకి లెక్క సరే.

ముసలివాళ్ళలో మూత్రం ఇన్‌ఫెక్షను చాలాసార్లు చిన్నవాళ్ళలో వచ్చినట్టు మంట అనో నొప్పి అనో చెప్పి రాదు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ వేళకాని వేళ చనిపోయిన మొగుణ్ణి పిలుస్తుంది, తిండి మానేస్తుంది, చలిజ్వరం వస్తుంది. ‘మతి తప్పిందండి’ అంటారు. కొందరు తాయెత్తు కట్టిస్తారు. ఇంకోవైపు ఏ బాధా లేని మనిషికి మూత్రం కాస్త మబ్బుగా కనబడితే చాలు, మోటారు సైకిలు మీద ఆర్ఎంపీగారు దిగి యాంటీబయాటిక్ పొడిచేస్తారు. ఆశ్రమాల్లో ఉండే ముసలి ఆడవాళ్ళలో నూటికి పాతిక నుంచి యాభై మందికి ఏ జబ్బూ లేకపోయినా మూత్రంలో సూక్ష్మజీవులు ఉంటాయి. వాళ్ళకి మందు అక్కర్లేదు. సంచిలో నిలవున్న మూత్రాన్ని సీసాలో పోసి పరీక్షకి పంపితే సంచి ఆరోగ్యం తెలుస్తుంది, మనిషిది తెలీదు. పెద్ద యాంటీబయాటిక్‌లని చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మితే రిజిస్టర్లో రాయాలని 2014 నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. మెడికల్ షాపులో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడిగి చూడండి, ముందు ‘ఏ రిజిస్టరండీ’ అని ‘అండి’ పెట్టి అడుగుతారు.

అక్కర ఉన్నప్పుడు పట్టించుకోక, అక్కర లేనప్పుడు పొడిచేసి, చివరికి ఓ తెల్లవారుజామున పని పూర్తవుతుంది. ఏమైందని అడిగితే ‘వయసైపోయిందండి’ అంటారు. కోనసీమలో ముసలివాళ్ళకి ఉన్న జబ్బు అదొక్కటే. ఆ తర్వాత చూడాలి శుభ్రం. బతికుండగా రెండు మగ్గులకి నోచుకోని ఒంటికి కడవలకొద్దీ నీళ్ళు. పసుపు, కుంకుడురసం, కొత్తబట్ట. విదేశాల నుంచి వీడియో కాలులో కొడుకు చూస్తుండగా నలుగురూ పోటీలుపడి పోస్తారు. ఆ మీదట అస్థికలు అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసేచోట మునుగుతాయి. పెద్దకార్యానికి ఊరంతటికీ భోజనాలు. జీడిపప్పు కూరలో తేడా వస్తే వంటమేస్త్రిని నిలదీస్తాం. నాణ్యత విషయంలో మేం రాజీపడం.

భోజనం మాట వచ్చింది కాబట్టి సీతమ్మగారిని తలుచుకోవాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909లో పోయేదాకా, ఏ వేళకి ఏ కులంవాడు తలుపు తట్టినా లేచి వండి పెట్టారని చెప్పుకుంటాం. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నాం. 2024లో ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టింది. ఆవిడ అన్నం పెట్టిన పుణ్యమంతా మన ఖాతాలో వేసుకున్నాం. అర్ధరాత్రి లేచి వండటం అంటే గిన్నెలు కూడా ఆవిడే తోముకోవడం, ఎంగిలి ఎత్తడం అని మాత్రం ఏ విగ్రహం కిందా రాయలేదు. అన్నదానం మన సంప్రదాయం. పెట్టిన అన్నం ఎటు నించి బయటికి వస్తుందన్నదానితో మన సంప్రదాయానికి సంబంధం లేదు.

అది ఎవరికి సంబంధమో మాత్రం తాతలనాడే తేల్చేశాం. దళితపేటవాళ్ళని నూతి దగ్గర చేద ముట్టుకోనివ్వలేదు, అరుగెక్కనివ్వలేదు. ఇంట్లో పెద్దావిడ మంచాన పడగానే పేటలోకి కబురు వెళుతుంది, మడీ ఆచారమూ పక్కగదిలోకి వెళతాయి. మూడు తరాల మైలని పట్టించుకున్న ఇంట్లో ముప్పొద్దులా మైల ఎత్తే మనిషికి టీ ఇవ్వడానికి వేరే గ్లాసు. ఆవిడ పెళ్ళికి పిలిస్తే వెళ్ళం. ఆవిడ చేతిలో చచ్చిపోతాం.

ఆ చేతులు కూడా ఇప్పుడు దొరకడం లేదు, కువైట్ వెళ్ళిపోయాయి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు ఏ వీధిలోకెళ్ళినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషి ఉంటుంది. ఆ దేశాలకి ఇంటిపనికి పోవాలంటే ఆడవాళ్ళకి కనీసం 30 ఏళ్ళు ఉండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. పరాయిదేశపు ముసలమ్మని కడగడానికి ఏ వయసు రావాలో ఢిల్లీ నిర్ణయించింది. అక్కడ దీనార్ల జీతానికి షేకుగారి తల్లిని ఒత్తిగిలించి తుడిచే అమ్మాయి, ఇక్కడ తన తల్లికి ఎవరు తుడుస్తున్నారో ఫోనులో అడుగుతుంది. ‘పక్కింటోళ్ళు చూత్తున్నార్లేవే’ అంటుంది తల్లి. అబద్ధం అని ఇద్దరికీ తెలుసు. పంపిన డబ్బుతో డాబా లేచింది, అటాచ్డ్ బాత్రూమూ కట్టారు. మంచం నుంచి బాత్రూముకి పన్నెండడుగులు, నడిపించే మనిషి దాదాపు నాలుగువేల కిలోమీటర్ల అవతల.

అగ్రహారం కొడుకు దారి వేరు, ఆయన అమెరికా వెళ్ళాడు. అక్కడ నర్సింగు హోముల్లో పనిచేసే సహాయకులకి 1987 చట్టం ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షలో బొమ్మని పడుకోబెట్టి కాళ్ళ సందు కడిగి చూపించడం ఒక అంశం. ముందు నుంచి వెనక్కి తుడిచారా, ప్రతిసారీ గుడ్డలో శుభ్రమైన మడత తీశారా, కడిగేముందు నీళ్ళ వేడి చూశారా, చూసి మార్కులేస్తారు. ప్లాస్టిక్ బొమ్మకి కూడా దుప్పటి పూర్తిగా లాగేయకూడదు, మానం కాపాడాలి. మన అబ్బాయిగారు అక్కడ పన్ను కట్టి ఆ బొమ్మ మర్యాద కాపాడుతున్నారు. ఇక్కడ అమ్మగారి ఆశ్రమం ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, దసరాకి ఒకసారి అరటిగెల పంపిస్తున్నారు.

ప్రభుత్వం ఏం చేస్తోందని కదా తర్వాత ప్రశ్న. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల పోషణ చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్ నెలకి 10,000 రూపాయలదాకా ఇప్పించవచ్చు. వదిలేసిపోతే మూడు నెలల జైలో, 5,000 జరిమానానో, రెండూనో. దిక్కులేని ముసలివాళ్ళకి జిల్లాకి కనీసం ఒక్కటైనా, 150 మంది పట్టేలా ఆశ్రమం రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టవచ్చని 19వ సెక్షను. 2022 ఏప్రిల్ 4న మాకు సొంత జిల్లా వచ్చింది. జిల్లా వచ్చింది కాబట్టి 150 మంచాల మీద హక్కూ వచ్చిందని ఎవరికీ తట్టలేదు. మాకు తట్టిన సమస్య పేరు. అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో బస్సులు కాల్చారు, మంత్రిగారి ఇల్లూ ఎమ్మెల్యేగారి ఇల్లూ తగలబెట్టారు. ఇంత ఆవేశం ఉన్న సీమలో, మా అవ్వ మూడురోజులుగా ఒకే డైపరులో ఉందని ఒక్క టైరు కాల్చినవాణ్ణి నేను చూడలేదు. బోర్డు మీద ఆయన పేరు వద్దన్న వీధుల్లోనే, మంచం మీది మామ్మని తుడవడానికి ఆయన్ని దేవుడనుకునేవాళ్ళ చేతులే కావాలి.

ముఖ్యమంత్రిగారు 2024 అక్టోబరులో ఇంకో మార్గం చెప్పారు. ఊళ్ళలో ముసలివాళ్ళే మిగులుతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అన్నారు. నవంబరులో శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధన ఎత్తేసింది. ఉపాయం దూరదృష్టిదే. ఇవాళ కన్న బిడ్డ నడుం వంచి బామ్మని ఒత్తిగిలించే వయసుకి రావడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది, వచ్చిన మర్నాడు పాస్‌పోర్టుకి దరఖాస్తు పెడతాడు. అంతదాకా ఆ డైపరు మార్చకుండా ఓపిక పట్టాలి.

పింఛను విషయంలో మాత్రం అన్యాయంగా మాట్లాడకూడదు. ముసలివాళ్ళకి నెలకి 4,000, మంచానికో చక్రాల కుర్చీకో అతుక్కుపోయినవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం సిబ్బంది మంచం దగ్గరికే వస్తారు. వచ్చేముందు ఇంటివాళ్ళు హడావిడిగా గిన్నెతో నీళ్ళు తెచ్చి, సబ్బు రాసి, పొడిగుడ్డతో అద్ది, మామ్మగారి బొటనవేలు శుభ్రంగా కడుగుతారు. ముద్ర పడాలి కదా. నెలకోసారి ఆ వేలికి జరిగే సేవ చూస్తే, గోరువెచ్చటి నీళ్ళూ మెత్తటి గుడ్డా వాడటం మావాళ్ళకి రాదని ఎవరూ అనలేరు.

ఈమధ్య కొత్తపేట వైపు ఇంకో ఆశ్రమం కార్యదర్శిగారు దాతల పుస్తకం చూపించారు. ఫ్యాను మూడు రెక్కల మీద మూడు తరాల పేర్లు. బెంచీ మీద పేరు, గోడ గడియారం మీద పేరు, వాటర్ కూలరు మీద దంపతుల ఫొటో. అన్నదానం తారీకులు వచ్చే సంక్రాంతి దాకా నిండిపోయాయి. గ్లౌజులు ఇచ్చినవాళ్ళు లేరు. తుడుపుగుడ్డలు, తెరలు, రబ్బరు షీట్లు, జింకు క్రీము, ఇంకో ఆయాకి జీతం, ఏవీ లేవు. కమోడ్ కుర్చీ ఒకటి ఎవరో ఇచ్చారట, పేరు వేయొద్దని మరీమరీ చెప్పి వెళ్ళారట.

‘మీరే ఏదైనా దారి చెప్పండి మేస్టారూ’ అన్నారాయన.

‘అదే దారి. పేర్లు వేయించండి. బెడ్‌పాను మీద కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం అని చెక్కించండి. మూత్రం సంచికి స్టిక్కరు. గ్లౌజుల పెట్టె మీద రంగుల ఫొటో. కమోడ్ కుర్చీకి పాలరాతి పలక.’

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పుస్తకంలో ఏదో లెక్క వేసుకున్నారు.

‘ఆయ్, బానే ఉందండి. పేరంటే ముందుకొస్తారండి మనోళ్ళు. కాకపోతే మేస్టారూ, ప్రారంభోత్సవం రోజున ఎమ్మెల్యేగారిని దానిమీద ఎలా కూచోబెడతామండి?’